మెదడు మలేరియా – చిట్టెలుక సాక్ష్యం

సంగారెడ్డిలో సికింద్రాబాదు బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్న విద్యార్థి కళ్ళు తెరచుకుని చూస్తే చాలు, సైన్సు పుస్తకంలో సగం రోడ్డుకిరువైపులా కనిపిస్తుంది. కందిలో ఐ.ఐ.టి. భవనాలు, పటాన్‌చెరువులో 1972లో నెలకొన్న ఇక్రిశాట్ మెట్టపంటల క్షేత్రాలు, రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం, వీటి నడుమ 1970ల నుంచి పెరుగుతూ వచ్చిన మందుల ఫ్యాక్టరీలు. ఈ కాలంలో కొత్త మందు ఏదైనా సరే, మనిషి నోట పడకముందే ఎక్కడో ఒక ప్రయోగశాలలో ఎలుకో చిట్టెలుకో దాని రుచి చూచి ఉంటుంది. బస్సు దిగకుండా ఇంకా ముందుకు పోతే బేగంపేట వస్తుంది. అక్కడ పాత విమానాశ్రయానికి దగ్గరలో పాతకాలపు భవనం ఒకటి ఉంది. ఇప్పుడది ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి సర్ రోనాల్డ్ రాస్ పరాన్నజీవిశాస్త్ర సంస్థ. మనం చెప్పుకోబోయే కథ అక్కడ మొదలై, ఆఫ్రికా అడవుల్లో తిరిగి, మళ్ళీ హైదరాబాదుకే చేరుతుంది. కథానాయిక మాత్రం చిట్టెలుక.

చలిజ్వరం అంటే తెలియని తెలుగువారుండరు. వణుకు, ఎన్ని దుప్పట్లు కప్పినా ఆగని చలి, ఆ మీదట చెమట, చేదు క్వినైను. మాటిమాటికీ తిరగబెట్టినవాడికి కడుపులో బల్ల. ఐతే ఈ జ్వరానికే ఇంకొక రూపం ఉంది. పాడేరు, భద్రాచలం వంటి మన్యపు ప్రాంతాలవారు దానిని బాగా ఎరుగుదురు. నిన్నటిదాకా ఆడుకున్న పిల్లకు జ్వరం తగులుతుంది, మాట తడబడుతుంది, ఫిట్లు వస్తాయి, ఆ తరువాత పిలిస్తే పలకదు. గాలి సోకిందని భూతవైద్యుని కోసం పరుగెత్తిన తల్లిదండ్రులను తప్పుపట్టి లాభం లేదు. జ్వరానికీ ఆ వింత నిద్రకూ సంబంధం ఏమిటో వైద్యులకే చాలాకాలం అంతుబట్టలేదు. దీనినే మెదడు మలేరియా, సెరిబ్రల్ మలేరియా అంటారు.

మలేరియా క్రిముల్లో అనేక జాతులున్నా, ఈ పని చేసేది దాదాపు ఎప్పుడూ ఫాల్సిపారం అనే జాతే. 1890లలో ఇటలీలో మార్కియాఫావా, బిన్యామి అనే వైద్యులు ఈ జ్వరంతో చనిపోయినవారి మెదళ్ళను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూచారు. వెంట్రుక కంటె సన్నని రక్తనాళాలు క్రిమి చొచ్చిన ఎర్రకణాలతో కిక్కిరిసి కనిపించాయి. కాలువలో గుర్రపుడెక్క పేరుకుని నీరు నిలిచిపోయినట్లు! ఫాల్సిపారం తాను చేరిన ఎర్రకణం పైపొర మీదికి ఒక ప్రోటీనును పంపుతుంది. దానితో ఆ కణం రక్తనాళపు గోడకు జిగురు పూసినట్లు అతుక్కుపోతుంది. అలా అతుక్కోవడంవల్ల క్రిమికి లాభమే. ప్రవాహంలో కొట్టుకుపోతే ప్లీహంలో పడి నశిస్తుంది మరి.

ఇంతకూ స్పృహ తప్పించేది ఏది? నాళాలు పూడుకుపోవడమా? లేక క్రిమి మీద మన శరీరానికి పుట్టిన కోపం అదుపు తప్పి మెదడునే కాల్చడమా? ఇది పండితుల కాలక్షేపపు ప్రశ్న కాదు. మొదటిదే నిజమైతే ఒక రకం మందు కావాలి. రెండవది నిజమైతే దానికి పూర్తిగా వేరైన మందు కావాలి. బతికున్న పిల్ల మెదడు తెరచి చూడలేము. చనిపోయిన తరువాత చూస్తే కనిపించేది కథ చివరి పుట మాత్రమే. మొదటి పుటలు చదవాలంటే ఏదో ఒక జంతువు కావాలి. చిక్కేమిటంటే మనిషి మలేరియా క్రిమి మామూలు చిట్టెలుకలో బతకదు.

జంతువు ఎందుకు కావలసివచ్చిందో తెలియడానికి ఒకసారి బేగంపేటకు పోదాం. అప్పట్లో సికింద్రాబాదులో సైనిక వైద్యుడుగా ఉన్న రోనాల్డ్ రాస్ 1895లో దోమలు చచ్చిన నీటిని మనుషులచేత తాగించి చూచాడు. దోమ నీటిలో చస్తే ఆ నీటిద్వారా జబ్బు వస్తుందేమోనని అతని గురువు పాట్రిక్ మాన్సన్ ఊహ. ఆ ఊహ తప్పు. 1897 ఆగస్టులో హుసేన్ ఖాన్ అనే రోగిని దోమలచేత కుట్టించుకోమని, కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ముట్టజెప్పాడు. ఆగస్టు 20న ఆ దోమల్లో ఒకదాని పొట్ట గోడలో మలేరియా రంగు గల కణాలు కనిపించాయి. ఆ రోజును ఇప్పుడు ప్రపంచమంతా దోమల దినంగా పాటిస్తున్నది. హుసేన్ ఖాన్ పేరు మాత్రం ఎవరికీ గుర్తులేదు. మాస్టార్లు ఈ పాఠం చెప్పేటప్పుడు రాస్ పేరు పక్కన ఆ పేరు కూడా నల్లబల్ల మీద రాస్తే బాగుంటుంది.

దోమ పొట్టలో చేరిన క్రిమి మళ్ళీ మనిషిలోకి ఎలా వస్తుంది? అది తేల్చేలోగా రాస్‌కు బదిలీ అయింది. 1898లో కలకత్తా చేరాడు. అది ప్లేగు రోజులు. వైద్యుడు సూది పట్టుకుని కనిపిస్తే జనం పారిపోతున్నారు. వేలి నుంచి ఒక చుక్క రక్తం ఇచ్చే నాథుడు లేడు. మనుషులు దొరకక రాస్ పక్షుల వంక తిరిగాడు. పిచ్చుకలకూ, భరతపక్షులకూ, కాకులకూ వాటి సొంత మలేరియా ఉంది. ఆ ఏడాది జూలైలో దోమ లాలాజల గ్రంథుల్లో క్రిములు కనిపించాయి. అలాంటి దోమలు కుట్టిన ఆరోగ్యవంతమైన పిచ్చుకలకు జబ్బు వచ్చింది. మనిషి మలేరియాకు దారి చూపింది పిచ్చుక! 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

పిచ్చుక రాస్‌కు అబద్ధం చెప్పలేదు. కాని ఒక్క సంగతి గమనించాలి. అతను అడిగిన ప్రశ్న దోమను గురించి. పిచ్చుక మెదడును గురించి అడిగి, ఆ జవాబును మనిషికి అంటగట్టి ఉంటే ఏమయ్యేదో!

ఆ తరువాత ముప్ఫై నలభై ఏళ్ళు మలేరియా మందుల పరీక్షలు ఎక్కువగా పక్షుల మీదనే జరిగాయి. 1930లలో కోళ్ళ మలేరియా క్రిమి ఒకటి వాడుకలోకి వచ్చింది. 1932లో కలకత్తాలో నోల్స్, దాస్‌గుప్తా కోతి మలేరియాను మనుషులకు ఎక్కించగలిగారు. కాని పక్షి ఎర్రకణంలో కేంద్రకం ఉంటుంది, మన ఎర్రకణంలో ఉండదు. పక్షి శరీరం మనకు దూరపు చుట్టం కూడా కాదు. కోతి దగ్గరి చుట్టమే గాని ఖరీదు, సంరక్షణ కష్టం. గుప్పెట్లో ఇమిడేది, మూడు వారాలకే ఈనేది, పాలిచ్చే జంతువు కావాలి. ఎలుకజాతిని నమ్ముకుని గెలిచినవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఉన్నారన్నది ఇక్కడ చెప్పుకోదగిన మాట. అమెరికాలో లెడర్లే సంస్థలో ఆయన బృందం బోదకాలు క్రిమిని చంపే డైఇథైల్ కార్బమజీన్ మందును 1947లో లోకానికి చూపినప్పుడు, అది మొదట పనిచేసింది పత్తిచేల ఎలుకల్లోనూ, కుక్కల్లోనూ. మలేరియాకు మాత్రం అప్పటికింకా అలాంటి ఎలుక దొరకలేదు.

దొరికింది బెల్జియం ఏలుబడిలో ఉన్న కాంగోలో. కటాంగా ఎత్తుభూముల్లో సెలయేళ్ళ వెంబడి సన్నని అడవులు ఉంటాయి. అక్కడ విన్కే అనే బెల్జియన్ వైద్యుడు 1940ల మొదట్లో ఒక జాతి దోమ లాలాజల గ్రంథుల్లో మలేరియా క్రిములను చూచాడు. ఆ దోమ మనుషులను అంతగా కుట్టదు. మరి ఈ క్రిములు ఎక్కడివి? దోమ పొట్టలోని రక్తాన్ని పరీక్షిస్తే అది ఎలుకజాతి రక్తమని తేలింది. ఇంకేం, పొదల్లో ఎలుకల వేట మొదలైంది. 1948లో విన్కే, లిప్స్ కలిసి ఒక పొదల ఎలుక రక్తంలో కొత్త క్రిమిని పట్టుకున్నారు. దానికి ప్లాస్మోడియం బెర్గై అని పేరు పెట్టారు. ఆ రక్తాన్ని తెల్ల చిట్టెలుకకు ఎక్కిస్తే క్రిమి హాయిగా పెరిగింది. దొంగను పట్టడానికి అడుగుజాడలు చూచినట్లు, దోమ పొట్టనుంచి ఎలుక బొరియ దాకా వెళ్ళిన ఈ వేట నాకు ఈ చరిత్రలో అన్నిటికంటె ముచ్చటగా తోస్తుంది.

చిట్టెలుకనుంచి చిట్టెలుకకు సూదితో ఎక్కించడం తేలికే. దోమద్వారా ఎక్కించబోతే ఏళ్ళతరబడి కుదరలేదు. 1960లలో న్యూయార్కులో మైర్ యోలి కారణం కనిపెట్టాడు. ఈ క్రిమి పుట్టిల్లు చల్లని ఎత్తుభూమి కదా, దోమలను సుమారు 20 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఉంచితేనే అది వాటి లోపల పెరుగుతుంది. ప్రయోగశాల వెచ్చదనమే ఇన్నాళ్ళూ దానికి గిట్టలేదన్నమాట! ఆ తరువాత ప్రపంచమంతటా ఈ పనికి ఎక్కువగా పెంచుతున్న దోమ అనాఫిలిస్ స్టిఫెన్సై. అది మన నగరాల దోమ. మూతలేని నీళ్ళ ట్యాంకుల్లోనూ, కట్టడాల దగ్గర నిలవ పెట్టిన నీటిలోనూ గుడ్లు పెడుతుంది. పటాన్‌చెరువు వంటి పారిశ్రామికవాడలో దానికి కావలసినంత చోటు.

మొదట్లో ఈ చిట్టెలుకలను మందుల పరీక్షకే వాడారు. మెదడు సంగతి అనుకోకుండా బయటపడింది. 1965లో మెర్కాడో అనే పరిశోధకురాలు బెర్గై సోకిన ఎలుకలకు పక్షవాతం వస్తున్నదని ప్రకటించారు. 1973లో ఆమే ఇంకొక విచిత్రం చెప్పారు: ప్లీహాన్ని ముందే తీసివేసిన ఎలుకలకు ఆ పక్షవాతం రావడం లేదు! ప్లీహం మన రక్షకదళపు శిబిరం వంటిది. శిబిరాన్ని ఎత్తివేస్తే మెదడు నిలిచిందంటే, చెడగొడుతున్నది శత్రువా, మన సిపాయిలా?

ఈ అనుమానాన్ని తేల్చడానికి సాధనం దొరికింది. కటాంగాలోనే కసాపా వద్ద పట్టి, బెల్జియంలోని ఆంట్‌వర్ప్‌లో పెంచిన బెర్గై తెగ ఒకటుంది. ఆ రెండు ఊళ్ళ మొదటి అక్షరాలు కలిపి దానిని అంకా అంటారు. సి57 బ్లాక్ 6 అనే నల్ల చిట్టెలుకకు ఈ తెగను ఎక్కిస్తే ఆరో రోజుకో ఏడో రోజుకో వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి, నడక తూలుతుంది, ఫిట్లు వస్తాయి, స్పృహ పోతుంది. పదో రోజు లోపల ప్రాణం పోతుంది. బాల్బ్-సి అనే తెల్ల చిట్టెలుకకు అదే క్రిమిని ఎక్కిస్తే ఎక్కువగా మెదడు జబ్బు రాదు, మూడో వారంలో రక్తహీనతతో చనిపోతుంది. క్రిమి ఒకటే, చావు వేరు. తేడా అంతా ఆతిథ్యమిచ్చిన శరీరంలో ఉంది. 1980లలో గ్రౌ మొదలైనవారు తెల్లకణాల్లో కొన్నిటిని తీసివేసి చూచారు. ట్యూమర్ నెక్రోసిస్ ఫాక్టర్ అనే మంట పుట్టించే పదార్థాన్ని విరుగుడుతో అణచి చూచారు. చిట్టెలుక బతికింది. దొంగ దొరికాడనుకున్నారు.

దొరికాడా? ఆ మాట చెప్పేముందు చిట్టెలుక నిజం చెప్పిన రెండు సందర్భాలు చెప్పాలి. లేకపోతే దానికి అన్యాయం చేసినవాళ్ళమవుతాము.

మొదటిది చైనాలో. తూ యూయూ బృందం పాత వైద్యగ్రంథాలను వెతికి, వందల కషాయాలను బెర్గై సోకిన చిట్టెలుకల మీద పరీక్షించింది. 1971 అక్టోబరు 4న, మాచిపత్రి జాతి మొక్కనుంచి ఈథరుతో తీసిన 191వ నమూనా చిట్టెలుక రక్తంలో ఒక్క క్రిమిని కూడా మిగల్చలేదు. అదే ఆర్టిమిసినిన్. దానినుంచి వచ్చిన ఆర్టిసునేట్ సూదిని మనదేశంతో సహా నాలుగు ఆసియా దేశాల్లో 1,461 మంది తీవ్రరోగుల మీద క్వినైనుతో పోల్చి చూచి 2005లో ఫలితం ప్రకటించారు. క్వినైను పుచ్చుకున్నవారిలో నూటికి 22 మంది చనిపోగా, ఆర్టిసునేట్ పుచ్చుకున్నవారిలో 15 మంది చనిపోయారు. తూ యూయూకు 2015లో నోబెల్ వచ్చింది.

రెండవది 1967లో. న్యూయార్కులో రూత్ నుసెన్‌జ్వైగ్ బృందం దోమ లాలాజల గ్రంథుల్లోని బెర్గై క్రిములకు ఎక్స్-కిరణాలు తగిలించి, వాటిని నీరసపరచి చిట్టెలుకలకు ఎక్కించింది. తరువాత బలమైన క్రిములను ఎక్కించినా చాలావాటికి జబ్బు రాలేదు. ఆ క్రిమి పైపొర ప్రోటీను కూడా తరువాత మొదట బెర్గైలోనే దొరికింది. ఆ దారినే నడిచి, ఆఫ్రికా పిల్లలకు 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన ఆర్.టి.ఎస్.,ఎస్. టీకా వచ్చింది. దాని తయారీ పరిజ్ఞానాన్ని అందుకునేందుకు 2021లో ఒప్పందం చేసుకున్నది హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ. రాస్ దోమ లాలాజలంలో చూచిన క్రిమి మీద టీకా, అతను దోమలు కోసిన ఊళ్ళోనే!

ఈ రెండింటిలోనూ చిట్టెలుకను అడిగిన ప్రశ్న క్రిమిని గురించి. అది చస్తుందా? దానిని రాకుండా ఆపవచ్చునా? ఇక మెదడును గురించి అడిగిన ప్రశ్న సంగతి చూద్దాం.

మంటను అణచడానికి స్టెరాయిడు మందు డెక్సామెథాసోన్ వాడవచ్చునని వైద్యులకు ఎప్పటినుంచో ఆశ. 1982లో థాయిలాండులో స్పృహ తప్పిన 100 మందిని తీసుకుని వారెల్ బృందం శాస్త్రీయంగా పరీక్షించింది. మందు పుచ్చుకున్నవారికి తెలివి రావడం ఆలస్యమైంది, ఉపద్రవాలు హెచ్చాయి. ఐనా కొన్నేళ్ళ తరువాత చిట్టెలుకల్లో చూస్తే అదే మందు మెదడును కాపాడింది! కాపాడింది నిజమే, కాని ఎప్పుడిచ్చారు? క్రిమిని ఎక్కించిన తొలి రోజుల్లో, జబ్బు తలెత్తకముందు. ఇంకా విచారకరమైనది గాంబియా అనుభవం. గ్రౌ చిట్టెలుకలను బతికించిన పద్ధతినే అనుసరించి, ఆ మంట పదార్థానికి విరుగుడును మెదడు మలేరియా వచ్చిన పిల్లలకు ఇచ్చారు. మొత్తం 610 మంది. 1996లో ఫలితం వచ్చింది. విరుగుడు ఇచ్చినా, ఇవ్వకపోయినా నూటికి ఇరవై మంది చనిపోయారు. బతికినవారిలో నరాల లోపాలు విరుగుడు పుచ్చుకున్న పిల్లల్లోనే ఎక్కువ.

తల్లి తన బిడ్డను ఆసుపత్రికి తెచ్చేసరికి ఆ బిడ్డ అప్పటికే స్పృహలో ఉండదు. ప్రయోగశాలలో చిట్టెలుకకు మాత్రం, జబ్బు ఫలానా రోజున వస్తుందని ముందే తెలుసు కనుక, రెండు మూడు రోజుల ముందే మందు పోస్తారు. ఇల్లు అంటుకోకముందు నీళ్ళు చల్లి మంట రాలేదని సంతోషించడానికీ, కాలుతున్న ఇంటిని ఆర్పడానికీ తేడా లేదా? ఇది చిట్టెలుక తప్పు కాదు. అడిగినవారి తప్పు అనే నా అభిప్రాయం.

2010 ప్రాంతంలో ఈ వాదం ముదిరింది. నికొలస్ వైట్ మొదలైన వైద్యులు, చిట్టెలుక జబ్బు మనిషి జబ్బు కానే కాదన్నారు. బెర్గైకి ఫాల్సిపారం వంటి జిగురు ప్రోటీను లేదు; మనిషి మెదడు నాళాల్లో క్రిమి ఉన్న ఎర్రకణాలు కిక్కిరిస్తే, చిట్టెలుక నాళాల్లో ఎక్కువగా కనిపించేవి తెల్లకణాలు. చిట్టెలుక మీద పనిచేసేవారు ఊరుకుంటారా? మరి వేరే మార్గం చూపమన్నారు. నిజానికి రెండు పక్షాలూ కొంతవరకు ఒప్పే.

తీర్పు మలావీ దేశంనుంచి వచ్చింది. అక్కడ టెరీ టేలర్ అనే వైద్యురాలు ఏళ్ళ తరబడి ఈ పిల్లలకే వైద్యం చేశారు. ఆ ఆసుపత్రికి ఎం.ఆర్.ఐ. యంత్రం రావడంతో బతికున్న పిల్ల మెదడును మొదటిసారి సరిగా చూడడం సాధ్యమైంది. 168 మంది పిల్లలను అలా చూచి 2015లో ప్రకటించారు. చనిపోయిన 25 మందిలో 21 మందికి మెదడు తీవ్రంగా వాచి ఉంది. బతికినవారిలో అంతటి వాపు నూటికి 27 మందికే ఉంది. ఉబ్బిన మెదడు కిందికి ఒత్తుకుని ఊపిరిని నడిపే కేంద్రాన్ని నొక్కివేస్తున్నది. ఆ వాపే చిట్టెలుకలోనూ ఉంది! 2020లో చనిపోయిన పిల్లల మెదడు నాళాల్లో, చిట్టెలుకను చంపే జాతి తెల్లకణాలే కనిపించాయని ఇంకొక బృందం చూపింది. తోసివేసిన సాక్షిని మళ్ళీ బోనెక్కించవలసి వచ్చింది. ఐనా పూర్తిగా కాదు. మన పొరుగున రూర్కెలాలో సంజీబ్ మొహంతి బృందం పెద్దవారి మెదళ్ళను ఎం.ఆర్.ఐ.తో చూస్తే, మెదడులో ఒక్కొక్క భాగంలో చెరుపు ఒక్కొక్క తీరున జరుగుతున్నదని 2017లో తేలింది. అంత చిన్న చిట్టెలుక మెదడులో ఇన్ని తేడాలు వెతకడం కష్టం.

మనదేశంలో ఈ పని చేస్తున్నవారు ఈ పాఠం నేర్చుకున్నారనే చెప్పాలి. బెంగుళూరులో పద్మనాభన్, రంగరాజన్ గార్ల బృందం పసుపులోని కర్కుమిన్‌ను బెర్గై అంకా సోకిన చిట్టెలుకలకు ఇచ్చి 2015లో ఫలితం ప్రకటించింది. కర్కుమిన్ ఒక్కటే ఇస్తే మెదడు జబ్బు ఆగింది గాని, క్రిములు పెరిగి రక్తహీనతతో చిట్టెలుక తరువాత చనిపోయింది. ఆర్టిమిసినిన్ సంతతికి చెందిన ఆర్టీథర్‌తో కలిపి, నరాల లక్షణాలు కనిపించిన తరువాత ఇచ్చినా చిట్టెలుక బతికింది. ఆ చివరి మాటే అసలు మాట. అక్కడ జబ్బు వచ్చిన తరువాతనే మందు ఇచ్చారు. 2022లో భువనేశ్వరంలో నాగరాజ్ బృందం, తామరకు వాడే పాత మందు గ్రిసియోఫుల్విన్ చిట్టెలుకను మెదడు మలేరియానుంచి కాపాడుతుందని చూపింది. మన హైదరాబాదులో సి.సి.ఎం.బి.లో సిజ్వాలి బృందం కూడా ఇదే బెర్గైని పెంచి, క్రిమి ప్రోటీన్లను చీల్చే ఎంజైములను పరిశోధిస్తున్నది.

ఇంట్లో పసుపు ఉంది కదా అని మెదడు మలేరియాకు పసుపు నీళ్ళు తాగించవచ్చునని ఎవరూ అనుకోరాదు. స్పృహ తప్పిన పిల్ల నోట్లో ఏదీ పోయకూడదు. ఆ పిల్లకు కావలసింది ఆర్టిసునేట్ సూది, అదీ ఎంత త్వరగా అయితే అంత మంచిది. 2023లో మలేరియావల్ల ప్రపంచంలో సుమారు 5 లక్షల 97 వేలమంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో అధికభాగం ఆఫ్రికాలో అయిదేళ్ళ లోపు పిల్లలే. మెదడు మలేరియా సోకితే సూది పడిన తరువాత కూడా నూటికి పదిహేను ఇరవై మంది దక్కరు. ఆ సూదికి తోడుగా మెదడును కాపాడుతుందని మనుషుల్లో రుజువైన మందు ఇప్పటికీ లేదు. దానికోసమే ఆ నల్ల చిట్టెలుకలకు ఈనాడు కూడా అంకా తెగను ఎక్కిస్తున్నారు. ఆరో రోజు తెల్లవారుజామునుంచి పంజరం దగ్గర ఎవరో ఒకరు గడియారం పట్టుకుని కూర్చుంటున్నారు.